పాత సైనిక హెల్మెట్: డిప్ప ఒక కాలానిది, పట్టీ మరొక కాలానిది

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరానికి దగ్గరి గ్రామం. మా తాతగారు రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చారు. ఇటీవల అటక సర్దుతుండగా ఒక గోనె సంచిలో పళ్లెం ఆకారపు ఇనుప హెల్మెట్ డిప్ప, ఊడిపోయిన లోపలి అమరిక, గడ్డం పట్టీ, ఒక మర దొరికాయి. ఇవి ఏ కాలానివి? తుప్పు వదిలించి రంగు వేయిస్తే మంచి ధర పలుకుతుందని తెలిసినవారొకరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందుగా ఆ రంగు ఆలోచన మానుకోండి. గరుకు కాగితంతో రుద్దిన హెల్మెట్‌కు తుప్పుతో పాటు అసలు రంగు, దానిపై ఉండగల దళం గుర్తులు, పేరు, నంబరు అన్నీ పోతాయి. సేకర్తలు డబ్బు పెట్టేది ప్రధానంగా వాటికే. మెత్తటి పొడి బట్టతో దుమ్ము తుడిస్తే చాలు. కొబ్బరి నూనె కూడా రాయవద్దు.

పళ్లెం ఆకారం బ్రిటిష్ నమూనా. జాన్ లియోపోల్డ్ బ్రాడీ 1915లో పేటెంట్ పొందిన హెల్మెట్ నుంచి మొదటి ప్రపంచ యుద్ధకాలపు మార్క్ 1 వచ్చింది. మార్క్ 2 రెండవ యుద్ధానికి కాస్త ముందు వచ్చింది. చిక్కు ఏమిటంటే, 1930ల చివర బ్రిటిష్ సైన్యం మొదటి యుద్ధపు డిప్పలకు కొత్త లోపలి అమరిక బిగించి మళ్లీ వాడుకుంది. కాబట్టి పట్టీ మీద 1939 అని ఉన్నంత మాత్రాన డిప్ప కూడా అదే ఏటిదని అనుకోరాదు. ఒక్కొక్క భాగాన్ని విడిగా చదవాలి.

డిప్పతో మొదలుపెట్టండి. ఒక చిన్న అయస్కాంతాన్ని నడినెత్తి దగ్గర ఆనించి చూడండి. ఈ హెల్మెట్లకు వాడిన హాడ్‌ఫీల్డ్ మాంగనీసు ఉక్కుకు అయస్కాంతం అంటదు. అంచు మీద మాత్రం పరీక్షించవద్దు. అక్కడ చుట్టిన పట్టీ మామూలు మెత్తటి ఉక్కు అయితే అయస్కాంతం పట్టుకుంటుంది, మీరు పొరబడతారు. తరువాత పక్క వెలుతురులో డిప్ప లోపలి అంచు వెంబడి భూతద్దంతో వెతకండి. ‘హెచ్‌ఎస్’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన అంకెలు కనిపిస్తే అది హాడ్‌ఫీల్డ్ ఉక్కు ముద్ర. అంచుకు వెనుక భాగంలో వరుసగా మూడు రంధ్రాలు ఉంటే మాత్రం కథ వేరు: అది దక్షిణాఫ్రికాలో తయారైన మార్క్ 2 కావచ్చు.

ఇక నడినెత్తి రంధ్రం. మార్క్ 1లో లోపలి అమరికను అక్కడ రివెట్‌తో బిగించేవారు. మార్క్ 2లో ఒకే ఒక మరతో పట్టి ఉంచేవారు. మీకు మర దొరికిందంటే అమరిక తరువాతి కాలానిదని చెప్పవచ్చు, డిప్ప సంగతి అప్పటికీ తేలదు. గడ్డం పట్టీ తోలుదైతే మొదటి యుద్ధం వైపు, నేత పట్టీ అయి రెండు కొసల్లో స్ప్రింగులు కనిపిస్తే రెండవ యుద్ధం వైపు మొగ్గు చూపండి. నేత పట్టీపై వెలిసిన సిరాలో బాణం గుర్తు, తయారీదారు పేరు, సంవత్సరం ఉండవచ్చు. ఎండలో వేలాడదీస్తే అది కాస్తా మాసిపోతుంది.

ధర మాటకు వస్తే, మార్క్ 2 హెల్మెట్లు విరివిగా దొరుకుతాయి. విడి భాగాలతో మీరు ధనవంతులు కారు. అసలు లోపలి అమరికతో చెక్కుచెదరని మార్క్ 1 దానికన్నా అరుదు. అయితే మీ తాతగారి డిశ్చార్జి కాగితాలు, సర్వీసు నంబరు, యూనిఫారంలో దిగిన ఫోటో హెల్మెట్‌తో కలిపి ఉంచితే మామూలు డిప్పకు కూడా విలువ పెరుగుతుంది. అమ్మదలచినా వాటిని విడదీయవద్దు. ఒకవేళ డిప్ప 1917 నాటిదని తేలితే నూరేళ్లు దాటింది కనుక 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువుగా పరిగణించే అవకాశముంది. అలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. విదేశీ కొనుగోలుదారు ఎంత ఆశ చూపినా పార్సిలు కట్టకండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను. పాత సామాన్ల సంతలో ‘రెండవ ప్రపంచ యుద్ధపు అమెరికన్ హెల్మెట్’ అని ఒక ఎమ్1 డిప్ప అమ్మారు. నమ్మవచ్చా?

జవాబు: అంచు పట్టీ అతుకు ఎక్కడుందో చూడండి. అది ముందు వైపు ఉండి, గడ్డం పట్టీ కొక్కేలు కదలకుండా వెల్డింగ్ చేసి ఉంటే 1941 నుంచి 1943 మధ్యది. కొక్కేలు తిరిగితే దాని తరువాతిది. 1944 చివరి నుంచి అతుకు వెనక్కు మారింది. ఆ పద్ధతి యుద్ధం ముగిశాక కూడా కొనసాగింది కాబట్టి వెనుక అతుకున్న డిప్పను యుద్ధకాలపుదని అమ్మితే బేరం తగ్గించండి. యుద్ధకాలంలో ఇవి 2 కోట్లకు పైగా తయారయ్యాయి, అందువల్ల కొరత అనే మాట చెల్లదు. లోపల ఇమిడే లైనర్ వేరుగా కొన్నారేమో కూడా అడగండి. సంతల్లో డిప్పకూ లైనర్‌కూ పెళ్లిళ్లు తరచుగా దుకాణంలోనే జరుగుతాయి.