మార్చి నెలలో సెలవు లేని పండగలు

"అక్కా, మేం అమెరికా వచ్చి అయిదు నెలలైంది. బాబు కిండర్‌గార్టెన్‌లో ఉన్నాడు. మార్చి మొదలైందో లేదో స్కూల్ నుంచి రోజుకో ఈమెయిల్. ఒకరోజు ఆకుపచ్చ చొక్కా వేసి పంపమంటారు, ఒకరోజు రెండు కాళ్లకీ రెండు రకాల సాక్సులంటారు, ఇంకోరోజు పై అనే తినుబండారం తెమ్మంటారు. మావారి ఆఫీసులోనూ ఏదో రోజు పేరు చెప్పి డోనట్లు పంచుతారట. ఇవన్నీ నిజంగా పండగలేనా? పట్టించుకోకపోతే ఏమవుతుంది?"

సెలవిచ్చే పండగలు కావమ్మా. ఇక్కడ ఫెడరల్ సెలవులు, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చేవి, ఏడాదికి 11. మార్చిలో ఒక్కటీ లేదు. పేరులో 'నేషనల్' ఉంది కదా అని ప్రభుత్వమే ప్రకటించిందనుకోకు. కొన్నింటికి కాంగ్రెస్ తీర్మానమో, అధ్యక్షుడి ప్రకటనో ఉంటుంది. చాలావాటికి అదేమీ ఉండదు. వ్యాపార సంఘాలో, కంపెనీలో, ఉత్సాహం ఉన్న మామూలు మనుషులో మొదలుపెట్టినవే. నార్త్ డకోటాలోని 'నేషనల్ డే క్యాలెండర్' అనే సంస్థ 2013 నుంచి వీటిని పోగుచేస్తోంది. అందులో ఏ తేదీ చూసినా ఒకటికి మించే కనిపిస్తాయి. అన్నీ చెయ్యాలంటే ఎవరివల్లా కాదు, చెయ్యనక్కర్లేదు కూడా. బాబు క్లాసులో చేసేవి మాత్రం వదలకు.

ఎందుకంటున్నానో చెప్తాను. మేం షికాగో దగ్గరికి వచ్చిన మొదటి మార్చిలో మా అమ్మ మా దగ్గరే ఉంది. 17న నేను పొద్దున్నే ఉద్యోగానికి వెళ్తూ, "పాపకి పచ్చ గౌను వెయ్యమ్మా" అని చెప్పి వెళ్లిపోయాను. మా ఊళ్లో పచ్చ అంటే పసుపుపచ్చ కూడా. అమ్మ శ్రద్ధగా ఉతికి ఇస్త్రీ చేసిన పసుపు గౌను వేసి పంపింది. సెయింట్ పాట్రిక్స్ డే నాడు ఆకుపచ్చ వేసుకోనివాళ్లని సరదాగా గిల్లడం ఇక్కడి ఆనవాయితీ. పాపని ఎవరూ నొప్పి పుట్టేలా గిల్లలేదు. కానీ క్లాసంతా ఒక రంగు, తనొక్కతే వేరే రంగు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. భాష ఇంకా సరిగ్గా రాని పిల్లకి ఆరోజు అందరిలో కలిసిపోవడానికి ఉన్న ఒకే ఒక్క దారి ఆ గౌను. అది నా పొరపాటు వల్ల పోయింది. అప్పట్నుంచి స్కూల్ ఈమెయిల్ రాగానే పూర్తిగా చదివి, ముందురోజు రాత్రే బట్టలు తీసి పెడతాను.

ఆ రోజు ఐర్లండ్‌వాళ్ల సెయింట్ పేరున వచ్చిన పండగ. షికాగోలో 1962 నుంచి నదికి ఆకుపచ్చ రంగు కలుపుతున్నారు. ఆ పని చేసేది ప్లంబర్ల యూనియన్. నదిలోకి మురుగు ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టడానికి వాడే రంగు నుంచే వాళ్లకి ఆ ఆలోచన వచ్చింది. మీరు దగ్గర్లో ఉంటే బాబుని తీసుకెళ్లి చూపించు. క్లాసులో అట్టపెట్టెతో లెప్రెకాన్ బోను కట్టమంటారు. లెప్రెకాన్ అంటే ఐరిష్ కథల్లో ఉండే చిన్న మరుగుజ్జు మనిషి. బోనుకి పాత చెప్పుల పెట్టె చాలు. మీరు శాకాహారులైతే ఒక జాగ్రత్త: ఆ రోజు పంచే సీరియల్‌లోని రంగురంగుల మార్ష్‌మెల్లో మిఠాయి ముక్కల్లో సాధారణంగా జంతువుల ఎముకలు, చర్మంతో చేసే జెలటిన్ ఉంటుంది. టీచర్‌కి ముందే ఒక ముక్క రాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 14వ తేదీ, పై డే. ఇక్కడ తేదీలో నెల ముందు రాస్తారు కాబట్టి అది 3/14. వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే పై (π) విలువ కూడా 3.14తోనే మొదలవుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం అనే సైన్స్ మ్యూజియంలో పనిచేసిన లారీ షా అనే భౌతికశాస్త్రవేత్త 1988లో దీన్ని మొదలుపెట్టాడు. తినే పై, లెక్కల పై ఒకేలా పలుకుతాయి కాబట్టి ఆ రోజు పై తింటారు. తెలుగులో రాసినా రెండూ ఒకటే, అందుకే బాబుకి చెప్పడం తేలిక. 2009లో ఇక్కడి ప్రతినిధుల సభ తీర్మానం చేసింది. 2019లో యునెస్కో అదే రోజుని అంతర్జాతీయ గణిత దినంగా ప్రకటించింది.

ఇందులో మనం చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆర్యభటుడు 499లో ఇచ్చిన లెక్క: నూటనాలుగుని ఎనిమిదితో హెచ్చవేసి అరవై రెండు వేలు కలిపితే, ఇరవై వేల వ్యాసమున్న వృత్తం చుట్టుకొలత వస్తుంది. అంటే 62,832ని 20,000తో భాగించాలి. వచ్చేది 3.1416. అది 'దగ్గరి' విలువ మాత్రమేనని కూడా ఆయనే చెప్పాడు. మా పాప మూడో తరగతిలో ఈ లెక్కని బోర్డు మీద వేసి చూపించింది. కిండర్‌గార్టెన్‌కి భాగహారం వద్దులే. ఒక దారంతో పళ్లెం చుట్టూ కొలిచి, అడ్డంగా మూడుసార్లు పరిచి, ఇంకా కాస్త మిగిలిందని చూపిస్తే బాబుకి అర్థమవుతుంది.

పై మాత్రం ఇంట్లో చెయ్యకు. చాలా స్కూళ్లు ఇంటి వంట ఒప్పుకోవు. పదార్థాల జాబితా ఉన్న, సీలు విప్పని డబ్బానే కొను. వేరుశనగ, జీడిపప్పు లాంటివి లేవని చూసుకో. ఎలర్జీ ఉన్న పిల్లలకి అది ప్రాణాల మీదికి వస్తుంది. కొన్ని పైల అడుగుపొరలో పందికొవ్వు వాడతారు, లేబుల్‌మీద 'లార్డ్' అని ఉంటుంది.

ఇక ఆ సాక్సుల రోజు. మార్చి 21, ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి పాటిస్తోంది. డౌన్ సిండ్రోమ్ పుట్టుకతో వచ్చే జన్యు తేడా. మన కణాల్లో జన్యువులుండే పోగుల్ని క్రోమోజోమ్‌లంటారు. మామూలుగా 21వ క్రోమోజోమ్ రెండు ప్రతులుంటాయి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి మూడుంటాయి, అందుకే 3/21. క్రోమోజోమ్ ఆకారం సాక్సుల జతలా ఉంటుందని జత కుదరని సాక్సులు వేసుకుంటారు. ఇది తమాషా కోసం చేసేది కాదు, బాబుకి ఆ మాట విడమరిచి చెప్పు. క్లాసులో అలాంటి పాపో బాబో ఉంటే ఆడుకునేటప్పుడు పిలవమను. మన ఇళ్లలో అలాంటి పిల్లల్ని గురించి అలవాటుగా అనేసే మాటలు కొన్ని ఉన్నాయి. ఫోన్లో అమ్మావాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా అవి బాబు చెవిన పడనివ్వకు.

2న పుస్తకాలు చదివే పండగ 'రీడ్ అక్రాస్ అమెరికా' ఉంటుంది, 1998లో ఉపాధ్యాయుల సంఘం ఎన్ఈఏ మొదలుపెట్టింది. తల్లిదండ్రులు వచ్చి కథ చదవచ్చా అని అడుగు. చాలాచోట్ల ముందుగా వాలంటీర్ ఫారం నింపాలి. 30న డాక్టర్స్ డే. బాబు డాక్టర్‌కి వాడు గీసిన బొమ్మ ఇస్తే చాలు.

ఆఫీసు డోనట్ల సంగతి మీవారికే వదిలెయ్. అయితే డబ్బా దగ్గర రెండు నిమిషాలు నిలబడి మాట్లాడమను. మావారికి ఇక్కడ మొదటి స్నేహితుడు అలాగే దొరికాడు.

ఉగాది కూడా చాలా ఏళ్లు మార్చిలోనే వస్తుంది. 2023లో 22న వచ్చింది, 2025లో 30న. ఇన్ని రోజులు జరుపుకునే క్లాసు మన రోజుని కాదనదు, మనం అడగాలంతే. నేను టీచర్‌ని అడిగి పచ్చడి బదులు ఆరు చిన్న గాజుసీసాలు తీసుకెళ్లాను: బెల్లం, చింతపండు, మామిడి ముక్కలు, ఇండియన్ స్టోర్‌లో దొరికిన ఎండు వేపపువ్వు, ఉప్పు, కారం. పిల్లలు మూతలు తీసి వాసన చూశారు. వేపపువ్వు సీసా దగ్గర అందరికన్నా ఎక్కువసేపు ఆగారు. మరుసటేడు ఫిబ్రవరిలోనే ఆ టీచర్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది, "ఈసారి ఉగాది ఏ తేదీన?" అని.