ల్యూపస్ ఉన్న 27 ఏళ్ల చెల్లెకు ఛాతీ బరువు: గ్యాసేనా?

తమ్ముడూ, మీ చెల్లెకు 27 ఏళ్లు, మూడేళ్లుగా ల్యూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు), రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 10 మిల్లీగ్రాములు వాడుతోంది, మెట్లెక్కితే ఛాతీ బరువెక్కి కూర్చుంటే తగ్గుతోంది, ఈసీజీ నార్మల్ వచ్చింది, "ఈ వయసుల గుండెజబ్బేంది, గ్యాస్" అన్నరని రాసినవు. ల్యూపస్ ఉన్న ఆడపిల్ల విషయంలో ఆ మాట చెల్లదు. 1997లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు ప్రచురించిన లెక్కలో, ల్యూపస్ ఉన్న 35–44 ఏళ్ల ఆడవాళ్లకు అదే వయసు మామూలు ఆడవాళ్లకన్నా 50 రెట్లకు పైగా గుండెపోట్లు కనిపించాయి. ఆ వయసులో మామూలుగా అది చాలా అరుదు, అందుకే అన్ని రెట్లు. రేపే వస్తదని భయపడకు, కానీ గ్యాస్ గోలీ ఇచ్చి ఊరుకోకు.

జబ్బు తెచ్చే వాపు రక్తనాళాల లోపలి పొరను ఏళ్ల తరబడి దెబ్బతీస్తుంది, కొవ్వు తొందరగా పేరుకుంటుంది. దానికి తోడు స్టెరాయిడ్ బీపీని, షుగర్‌ను, కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కిడ్నీకి కూడా పాకితే ముప్పు ఇంకా ఎక్కువ.

నడిస్తే వచ్చి ఆగితే తగ్గే బరువు గుండెదే కావొచ్చు. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గా ఉండటం మామూలే. ఈ వారంలోనే కార్డియాలజిస్టుకు చూపించు. టుడీ ఎకో (గుండె స్కానింగ్), ఆయన చెప్తే ట్రెడ్‌మిల్ పరీక్ష లేదా సీటీ యాంజియో (గుండె రక్తనాళాల స్కాన్). పడుకుంటే, గట్టిగా ఊపిరి పీలిస్తే పొడిచినట్టుండి, ముందుకు వంగితే తగ్గే నొప్పైతే అది గుండె చుట్టూ ఉన్న పొర వాపు కావొచ్చు. ల్యూపస్‌లో అది తరచూ వస్తుంది, నీరు చేరితే ఎకోలో కనబడుతుంది.

ఊరకే కూర్చున్నప్పుడు కొన్ని నిమిషాలు దాటి బరువు, చెమటలు, దవడకో చేతికో లాగడం, ఆయాసం ఉంటే సోడా, ఈనో తాగించుకుంటూ కూర్చోకు, 108కి ఫోన్ చెయ్. దవాఖానలో మొదటి మాట "ల్యూపస్ ఉంది, స్టెరాయిడ్ వాడుతోంది" అని ఉండాలె. అది చెప్పకపోతే వయసు చూసి పక్కన కూర్చోబెడతరు. ఒక్క ఈసీజీతో ఇంటికి పంపిస్తే ఒప్పుకోకు. మళ్లీ ఈసీజీ, కొన్ని గంటల తేడాతో రెండుసార్లు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేదాన్ని చూసే రక్తపరీక్ష) అడుగు.

జబ్బు కుదురుగా ఉన్నప్పుడు లిపిడ్ (రక్తంలో కొవ్వు) పరీక్ష చేయించు, ఉధృతంగా ఉన్నప్పుడు చేస్తే లెక్క తప్పుతుంది. ఇంట్లో బీపీ రాసిపెట్టు, 130/80 లోపల ఉండాలె. తొక్కు, అప్పడాలు తగ్గించాలె, ఉప్పు రోజుకు చెంచాడు దాటొద్దు. యాంటీఫాస్ఫోలిపిడ్ (రక్తం గడ్డకట్టే ముప్పు పెంచే యాంటీబాడీల) పరీక్షలు మూడూ చేయించు. పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చేయాలె, ఎందుకంటే జ్వరాలప్పుడు కొన్నాళ్లు అట్ల కనిపించి పోవచ్చు. రెండుసార్లూ వస్తే చిన్న డోసు ఆస్పిరిన్ అవసరమా అన్నది డాక్టర్ చెప్తడు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మాత్రం అప్పుడు వద్దు.

స్టెరాయిడ్‌ను 5 మిల్లీగ్రాములకో అంతకన్నా తక్కువకో దించగలమా అని రుమటాలజిస్టును (ల్యూపస్, కీళ్లవాతం చూసే డాక్టర్‌ను) అడుగు. నువ్వే ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తది. ల్యూపస్‌కు రోజూ వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ గోలీని సాధారణంగా కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటించరు. 60 కిలోలుంటే 300, అంటే ఒకరోజు ఒక 200 గోలీ, మర్నాడు రెండు. మొదట్లో ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా కంటి రెటీనా పరీక్ష. పెళ్లి సంబంధాలు చూస్తున్నమని ఈ మందును మాన్పించే ఇళ్లు చాలా ఉన్నయి, దయచేసి ఆ పని చెయ్యకండి. గర్భంలో కూడా కొనసాగించే మందు ఇది. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ రాస్తే మాత్రం గర్భం ఆలోచన ఉందని ముందే చెప్పాలె.

కీళ్ల నొప్పులకు ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూది, ఎటోరికాక్సిబ్ గోలీలు గుండెకూ కిడ్నీకీ మంచివి కావు. రంగు కాగితాల్లో చుట్టి ఇచ్చే పేరులేని గోలీల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అవి వాడుతుంటే కాగితంతో సహా డాక్టర్‌కు చూపించు.

గుండె డాక్టర్ వరంగల్ సూపర్ స్పెషాలిటీ దవాఖానలో ఉంటడు, రుమటాలజీకి హైదరాబాద్ నిమ్స్‌లో విభాగముంది. రిపోర్టులన్నీ తారీఖుల వరుసలో ఒక ఫైల్‌లో పెట్టి, పాత ఈసీజీ పైన పెట్టుకొని పో. కొత్తదాన్ని దానితోనే పోల్చి చూస్తరు.