ఫ్రెంచ్‌లో అవును-కాదు ప్రశ్నలు: ఏ పద్ధతి ఎప్పుడు?

క్లాసులో మూడు పద్ధతులు నేర్పారనీ, ఫ్రాన్స్‌కు వెళ్లాక వాటిలో ఏది వాడాలో తెలియడం లేదనీ అడిగారు. తులూజ్‌లో ఉద్యోగం చేస్తూ రోజూ వింటున్నదాన్ని బట్టి చెబుతాను.

మాటల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది మామూలు వాక్యాన్నే చివర స్వరం పెంచి అడగడం. మందుల షాపులో చీటీ అందించగానే ‘వూ జావే వోత్ర్ కార్త్ వితాల్?’ అంటారు, అంటే మీ ఆరోగ్య బీమా కార్డు ఉందా అని. మన ‘ఉంది’ దీర్ఘం తీసుకుని ‘ఉందా’ అవుతుంది కానీ, ఆ ఫ్రెంచ్ వాక్యంలో ఏ పదమూ మారదు కాబట్టి, స్వరం సరిగా లేవకపోతే అది ప్రశ్న అని ఎదుటివారికి తెలియకపోవచ్చు. అందుకే కొత్తలో, ఇది ప్రశ్న అని తెలిపే ‘ఎస్‌కె’ (est-ce que) అనే మాటను ముందు చేర్చి అడగడం మేలని నా అభిప్రాయం. దాని వెనక పదాల క్రమం కదలదు. ‘ఇల్’ (అతను) వంటి అచ్చుతో మొదలయ్యే మాట వస్తే మాత్రం ‘ఎస్‌కిల్’ అని కలిసిపోతుంది. రాతలో ముక్కలుగా కనిపించినా దాన్ని ఒక్క మాటగానే పలకాలి.

క్రియను ముందుకు, సర్వనామాన్ని వెనక్కి తెచ్చే మూడో పద్ధతి ఉత్తరాల్లోనూ, ఇంటర్వ్యూల్లోనూ, ఆఫీసుల్లోనూ ఎదురవుతుంది. ‘పూరియే వూ’ (మీరు చేయగలరా) వంటి మర్యాద మాటలు వస్తే మొదట్లో చాలు, మిగిలినవి విని గుర్తుపడితే సరిపోతుంది. వినడంలోనూ ఒక చిక్కు ఉంది: ‘పార్ల్ తిల్’ (అతను మాట్లాడతాడా)లో రెండు అచ్చుల తాకిడి తప్పించడానికి ‘త్’ కొత్తగా వచ్చి చేరుతుంది, ‘ప్రాఁ తిల్’ (అతను తీసుకుంటాడా)లో మాత్రం రాతలో ఉన్న ‘ద్’ అక్షరమే ‘త్’గా పలుకుతుంది.

వీటన్నిటికన్నా మన వాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వ్యతిరేక ప్రశ్నకు జవాబు. బ్యాంకులో ‘మీకు మా దగ్గర ఖాతా లేదా?’ అని అడిగితే, లేనప్పుడు మనం ‘అవునండీ, లేదు’ అంటాం. అదే అలవాటుతో ‘వీ’ (అవును) అంటే వారికి అయోమయం. లేకపోతే ‘నోఁ’ (కాదు) అనాలి, ఉంటే ‘వీ’ కాదు, ‘సి’ అనాలి. ‘సి’తో ఆగకుండా ‘సి, జే అఁ కోఁత్’ అని, ఖాతా ఉందన్న పూర్తి వాక్యం చెబితే అనుమానానికి తావుండదు.