గట్టు మీద నడవకు

సైనిక్‌పురి, హైదరాబాద్

చిరంజీవి వంశీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు ఇన్‌ఫాంట్రీయే వచ్చిందనీ, మొదటి పోస్టింగే ఎల్‌ఓసీ మీదున్న బెటాలియన్‌కనీ చెప్పి, తర్వాత మాట పెగలక ఊరుకుంది. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. మా రోజుల్లో సెకండ్ లెఫ్టినెంట్‌కి భుజానికి ఒక్క నక్షత్రమే. నీకు మొదటి రోజే రెండు. ఆ ఫోటో చూసి ఎంత పొంగిపోయానో చెప్పలేనురా. కానీ రెండు రాత్రులుగా నిద్ర లేదు.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. ఇన్సూరెన్స్, ప్రావిడెంట్ ఫండు నామినేషన్లు వెళ్ళగానే నింపు. వీలునామా కూడా రాయి. మీ అమ్మ అపశకునం అంటుంది, అయినా రాయి. లంగర్‌లో జవాన్లతో కలిసి తిను. వాళ్ళ ఊళ్ళు, పిల్లల పేర్లు నేర్చుకో.

మెరుపుదాడులు చేసే ఘాతక్ ప్లటూన్‌కి వెళ్తానని అప్పుడే అమ్మతో అన్నావట. బుద్ధుందా నీకు? ముందు నీ ప్లటూన్‌లో ఉన్న ముప్ఫై మందికి పైగా మనుషుల్ని చీకట్లో దగ్గు విని గుర్తుపట్టడం నేర్చుకో, తర్వాత చూద్దాం. డెహ్రాడూన్ అకాడమీ చెట్వుడ్ హాల్లో రాసిన మూడు మాటలు నీకు కంఠతా వచ్చు: దేశం ముందు, నీ జవాన్లు తర్వాత, నీ సుఖం, నీ క్షేమం ఆఖరున. ఆ మూడో మాట చదివి కుర్రాళ్ళు ప్రాణం విసిరెయ్యడమే గొప్పనుకుంటారు. నా కోర్స్‌మేట్ ఒకడు, మారేడ్‌పల్లి వాడు, 1971 డిసెంబరులో నిలబడి చెయ్యి చాపి తన సెక్షన్‌కి దారి చూపిస్తూ పడిపోయాడు. వాడికి 22. దాడిలో అందరికంటే ముందు లేచేది ప్లటూన్ కమాండరే. ఎవడు చేత్తో సైగ చేస్తున్నాడు, ఎవడు మ్యాప్ పట్టుకున్నాడు, రేడియో సెట్టు పక్కన ఎవడున్నాడు అని శత్రువు వెతుకుతాడు. అవసరమైనప్పుడు లేవక తప్పదు. కానీ నక్షత్రాలు కప్పుకో, ముందు లైన్లో ఎవరినీ సెల్యూట్ చెయ్యనివ్వకు, ఆపరేటర్‌కి అతుక్కుని నడవకు.

ఇక నేను చేసిన తప్పు. మీ అమ్మకి కూడా ఇంతవరకు చెప్పలేదు.

అదీ 1971 యుద్ధంలోనే, అప్పటి తూర్పు పాకిస్తాన్ సరిహద్దులో హిలి దగ్గర. చుట్టూ చెరువులు, బురద మళ్ళు. దాడి మొదలయ్యే చోటికి తెల్లవారకముందే చేరాలి. అప్పటికే ఆలస్యమైంది. కంపెనీ కమాండర్ రేడియోలో రెండుసార్లు అరిచాడు. నా ప్లటూన్ హవల్దార్‌కి పదిహేనేళ్ళ సర్వీసు. నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "సాబ్, గట్టు వద్దు. నీళ్ళలో దిగి పోదాం. నడవడానికి వీలుగా ఉన్న చోటే వాళ్ళు మైన్లు పెడతారు." ఆ మాట నాకూ తెలుసు, ట్రైనింగ్‌లో చెప్పారు. కానీ వెనకబడితే కొత్త సాబ్ భయపడ్డాడంటారని నా బెంగ. గట్టు మీదే వెళ్దాం అన్నాను. అతను మళ్ళీ మాట్లాడలేదు. నేనే ముందు నడిచాను. నేను దాటాను. నా వెనక ఇద్దరు దాటారు. నాలుగో వాడి కాలి కింద పేలింది.

ఆ చిన్న మైను పెట్టేది పాదం తియ్యడానికి. ఒకడు పడితే మోయడానికి ఇంకో ఇద్దరో నలుగురో ఆగిపోతారు, అదీ లెక్క. నేను వాడి దగ్గర ఇద్దర్నే ఉంచి ముందుకు పోయాను. వాడు తెల్లవారేదాకా బతికే ఉన్నాడట. తర్వాత వాళ్ళమ్మకి ఉత్తరం రాశాను, నొప్పి తెలియకుండా ఆ క్షణమే పోయాడని. ఆ కాగితం మీద నా చెయ్యి వణకలేదు. అదే ఇప్పటికీ నాకు సిగ్గు.

యుద్ధం అయిన నాలుగేళ్ళకి సెలవులో వాళ్ళ ఊరు వెళ్ళాను, రోహ్‌తక్ వైపు. ఆవిడ మంచం వేసి కూర్చోబెట్టి, చాలాసేపటికి ఒక్కటే అడిగింది, "ఏ కాలు?" అని. ప్లటూన్‌లో ఎవరో అప్పటికే అంతా చెప్పారు. నేను చెప్తానో లేదో చూస్తోంది. "ఎడమ కాలు, అమ్మా. ఆ గట్టు ఎక్కమన్నది నేనే" అన్నాను. లేచి లోపలికి వెళ్ళింది. ఇక రాదనుకున్నాను. పెద్ద గ్లాసు నిండా పాలు తెచ్చి చేతిలో పెట్టింది. తాగేదాకా నిలబడే ఉంది.

అందుకే వంశీ, ఎల్‌ఓసీ అనగానే నాకు ముందు నీ పాదాలు గుర్తొచ్చాయి. అక్కడ వానకీ మంచుకీ మన మైన్లే పెట్టిన చోటు నుంచి జారిపోతాయి. నిన్నటి దారి ఇవాళ మంచిదని నమ్మకు. హవల్దార్ నీ చెవిలో ఏదైనా అంటే ఆగు. పైవాడు రేడియోలో తిడితే తిట్టనివ్వు. మార్చ్ అయ్యాక ఒక్కొక్కడి బూట్లు విప్పించి పాదాలు నువ్వే చూడు, సెక్షన్ కమాండర్‌కి వదిలెయ్యకు. ఎవరింటికైనా ఆ ఉత్తరం రాయాల్సి వస్తే, అబద్ధం రాయకు.

మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్ యుద్ధంలో, 1999 జూన్ 28న ద్రాస్ కొండల్లో పోయాడు. మహావీర్ చక్ర ఇచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, కడుపుతో ఉన్న తన భార్యకి రోజుకో మహాభారత కథ చెప్పమన్నాడు. నువ్వు కూడా అమ్మకి రాస్తూ ఉండు. ఫోన్లో "బాగున్నా" అంటే సరిపోదు. కాగితం మీద రాయి, ఏం తిన్నావో, చలెంత ఉందో. ఆవిడ వాటిని దాచుకుంటుంది. నా ఉత్తరాలు మీ అమ్మమ్మ పోయేవరకు బీరువాలో చీరల కింద ఉండేవి.

బయల్దేరే ముందు ఒక పూట ఇక్కడికి రా. పనమ్మాయితో గుత్తివంకాయ చేయిస్తాను. కొత్త బూట్లు వేసుకుని రా. వాటిని కాస్త నడిచి మెత్తబరచాలి, కాలనీ చుట్టూ నీతో నేనూ నడుస్తాను. మోకాళ్ళ సంగతి అమ్మకి చెప్పకు.

తాతయ్య