పుట్టినరోజుకి పబ్ వద్దు, చేత్తో ఏదైనా చేద్దాం అనుకుంటే బెంగళూరులో ఏది బాగుంటుంది?

మీరు అడిగింది ఇదీ: ఆరుగురు స్నేహితులు, అందులో ఒకమ్మాయికి ముప్పయ్యో పుట్టినరోజు. పబ్బులూ బౌలింగూ మొహం మొత్తాయి. చేత్తో ఏదైనా కొత్తగా చేయాలి, కానీ స్కూల్లో డ్రాయింగ్ క్లాసు తప్ప ఎవరికీ ఏ అనుభవమూ లేదు. ఖర్చు మరీ ఎక్కువ కాకూడదు. ఆ అమ్మాయికి ముందే చెప్పాలా, సర్‌ప్రైజ్‌గా తీసుకెళ్లాలా?

మారతహళ్లిలో ఒకే పీజీలో ఉండి, తర్వాత తలో దిక్కుకీ వెళ్లిపోయిన గుంపు మాది. కొన్నేళ్లుగా ఎవరి పుట్టినరోజొచ్చినా ఇలాంటిదే ఏదో ఒకటి పెట్టుకుంటున్నాం. కొవ్వొత్తులు, రెసిన్, కాన్వాస్ మీద రంగులు, బ్లాక్ ప్రింటింగ్ అన్నీ అయ్యాయి. నన్నడిగితే కళ్లు మూసుకుని మట్టిపనికి వెళ్లిపోండి. చేతులనిండా మట్టి ఉంటే ఫోన్ ముట్టుకునే వీలుండదు. ఆఫీసు మెసేజ్‌లకు ఎవరూ జవాబివ్వలేరు, కాబట్టి కబుర్లే కబుర్లు. కాన్వాస్ దగ్గరేమో తలొంచుకుని ఎవరి బొమ్మలో వాళ్లు మునిగిపోతారు, పరీక్ష హాల్లా ఉంటుంది. రెసిన్‌కి గ్లవ్స్, మాస్కు, ఆ వాసన. పండగ కళే ఉండదు.

అయితే బుక్ చేసేటప్పుడు కుమ్మరి సారె (కుండలు చేసే చక్రం) మాత్రం అడగొద్దు. సినిమాల్లో చూసి అందరూ ముందు దాన్నే అడుగుతారు. చాలాచోట్ల ఉండేవి రెండో మూడో సారెలు. ఒకరు తిప్పుతుంటే మిగతావాళ్లు గోడకి ఆనుకుని నిలబడాలి. పైగా మొదటిసారి కూర్చున్నవాళ్లకు మట్టిముద్దని సరిగ్గా మధ్యకి తేవడానికే సగం టైమ్ అయిపోతుంది. మోచేతులు తొడలకి ఆనించి గట్టిగా నొక్కిపెట్టాలి. చెయ్యి కాస్త వదులైందంటే ముద్ద ఊగి అంచు ఒకవైపు పడిపోతుంది. చివరికి టీచరే వెనకనుంచి చెయ్యి పెట్టి కుండ లేపేస్తుంది, ఫొటో మనది.

దాని బదులు బల్ల చుట్టూ కూర్చుని చేత్తో చేసే క్లాసు అడగండి. స్టూడియోల్లో దీన్ని హ్యాండ్ బిల్డింగ్ అంటారు. నిమ్మకాయంత ముద్ద అరచేతిలో పెట్టుకుని, మధ్యలో బొటనవేలు గుచ్చి, తిప్పుతూ నొక్కుతూ పోతే చిన్న గిన్నె తయారవుతుంది. లేదా మట్టిని తాడులా పేనుకుని వరసమీద వరస చుట్టి గోడ లేపొచ్చు. కప్పుకి చెవి అతికించేటప్పుడు మాత్రం కాస్త శ్రద్ధ కావాలి. రెండువైపులా పుల్లతో గీతలు గీసి, నీళ్లలో కలిపిన పల్చటి మట్టి రాసి నొక్కాలి. ఊరికే అంటిస్తే ఆరేటప్పుడు ఊడి చేతికొస్తుంది.

ఆరోజు ఇంటికి వట్టి చేతులతోనే వస్తారు, ఇది అందరికీ ముందే చెప్పండి. మట్టి పూర్తిగా ఆరడానికే వారం పైన పట్టొచ్చు. లోపల తడి మిగిలితే కొలిమిలో ఆవిరై ముక్క పగిలిపోతుంది. ఆరాక 900–1000 డిగ్రీల దగ్గర ఒకసారి కాలుస్తారు. తర్వాత గ్లేజ్ (గాజులా మెరిసే పూత) పూసి మళ్లీ కాలుస్తారు, స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చే గట్టి రకం) అయితే అది 1200 డిగ్రీలు దాటుతుంది. ఈలోగా మట్టి దాదాపు పదో వంతు కుదించుకుపోతుంది కాబట్టి కాఫీ కప్పు కావాలంటే కాస్త పెద్దదే చేసుకోండి. ఇంకోటి, అడుగున పుల్లతో పేరు గీయండి. ఒక స్టూడియోలో మా ముక్కలూ వేరే గుంపువి కలిపేశారు. నా గిన్నె ఎవరింట్లో ఉందో ఇప్పటికీ తెలీదు.

కేక్ అందరూ చేతులు కడుక్కున్నాకే బయటికి తీయండి. బయటి తిండి లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. మేమైతే అక్కడ కేక్ ముక్కతో సరిపెట్టి, రెసిడెన్సీ రోడ్డులో నాగార్జునకి వెళ్లి అరిటాకు భోజనం చేస్తాం. గోళ్ల సందుల్లో మట్టితో పప్పూ గోంగూరా కలుపుకోవడం బాగుంటుందని చెప్పను గానీ, ఎంత కడిగినా కాస్త మిగులుతుంది మరి.

రోజంతా ఖాళీ ఉంటే కర్రబొమ్మలకు పేరున్న చన్నపట్టణ వెళ్లొచ్చు. మైసూరు దారిలో 60 కిలోమీటర్లు, రైలు కూడా ఆగుతుంది. లేత్ (కర్రని తిప్పే యంత్రం) మీద గిరగిరా తిరిగే కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టేస్తుంది, దానిమీద ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రే ఇక్కడా వాడతారు. విశాఖ వైపు నుంచొచ్చిన మా ఫ్రెండ్ ఆ దుకాణాల్లోంచి ఓ పట్టాన కదల్లేదు. కానీ లేత్ మీద మనల్ని ఒక్కొక్కరిగానే కూర్చోబెడతారు, చూడటమే ఎక్కువ. పుట్టినరోజుకంటే మామూలు ఆదివారానికి బాగుంటుంది.

బడ్జెట్ మరీ తక్కువైతే బెన్సన్ టౌన్ దగ్గర పాటరీ టౌన్‌లో రంగు వేయని ప్రమిదలు, చిన్న కుండీలు కొనుక్కొచ్చి ఎవరింట్లోనైనా కూర్చుని యాక్రిలిక్ రంగులు వేసుకోండి. దీపావళి ముందైతే సరుకు బోలెడంత ఉంటుంది.

ఇక సర్‌ప్రైజ్ సంగతి. ఎక్కడికో చెప్పకపోయినా పాత బట్టలు వేసుకోమని, గోళ్లు కత్తిరించుకోమని మాత్రం చెప్పి తీరాలి. మా గుంపులో ఒకమ్మాయి డిన్నర్ అనుకుని కొత్త పట్టుచీర కట్టుకొచ్చింది. పైన రెండు ఏప్రన్లు కట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని మొత్తానికి చేసింది గానీ, ఆ చీర డ్రైక్లీనింగ్ బిల్లు మేం తలా ఇంత వేసుకుని కట్టాం.