ఫ్లెక్సీలో ఎవరి ఫోటో పెద్దది?

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మావారు పోయి పన్నెండేళ్ళు. అప్పటినుంచీ మా అన్నయ్యే మాకు పెద్దదిక్కు. పార్టీలో తిరుగుతాడు, డివిజన్‌లో పేరున్న మనిషి. పోయిన ఏడాది పహల్గాం కాల్పుల తర్వాత లాడ్జి సెంటర్ నుంచి ఫ్లెక్సీతో కొవ్వొత్తుల ర్యాలీ తీసి, ఆ ఫోటోలు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి (24) అందరూ చూస్తుండగా, "మామయ్యా, చనిపోయినవాళ్ళు స్టాంపు సైజులో ఉన్నారు, నువ్వు నిలువెత్తున ఉన్నావు. 26 మంది అని రాశావు, లెక్కపెడితే 25 ఫోటోలే. ఆ గుర్రాలతను ఏడి?" అని రాసింది. అన్నయ్య దాన్ని దేశద్రోహి అన్నాడు. పిన్నివాళ్ళు "చావుల దగ్గర రాజకీయాలేంటే" అని చీవాట్లు పెట్టారు. నేను నోరెత్తలేదు. ఇప్పుడు అమ్మాయికి పెళ్ళి కుదిరింది. శ్రావణంలో ముహూర్తం. అది వచ్చి కాళ్ళమీద పడితేనే పెళ్ళిబుట్ట మోస్తానంటున్నాడు. అది ససేమిరా అంటోంది. మావారి పెద్దకర్మకు వెయ్యిమందికి భోజనాలు పెట్టించి, ఊరంతా ఫ్లెక్సీలు కట్టించింది ఆయనే. పిల్ల ఇంజనీరింగ్ ఫీజులు కట్టిందీ ఆయనే. శుభలేఖ కూడా ఆయన పేరునే వేయిద్దామనుకున్నాం. నాన్నగారి తుళ్ళూరు పొలం రాజధాని అమరావతి కోసం భూముల పూలింగ్‌కు ఇచ్చినప్పుడు కూడా అన్నయ్య చూపించినచోట సంతకం పెట్టాను తప్ప ఒక్క మాట అడగలేదు. అమ్మాయి చేత క్షమాపణ చెప్పించే మార్గం చెప్పండి.

జవాబు: చెప్పించొద్దమ్మా. మీరడిగినదానికి జవాబు అంతే. మీరు అడగనిదే ఈ ఉత్తరంలో ఎక్కువగా ఉంది.

ముందు ఆ ర్యాలీ సంగతి. తీయడం తప్పని నేననను. ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో చనిపోయినవాళ్ళలో మన కావలి మనిషి ఉన్నాడు, విశాఖ మనిషి ఉన్నాడు. చల్లగా నాలుగు రోజులు గడుపుదామని వెళ్ళిన సంసారులు. ఆ వారం కొవ్వొత్తి పట్టుకున్న చేతులన్నీ నటించాయంటే కళ్ళు పోతాయి. మా వీధి చివర ఇస్త్రీ బండి అతను కూడా ఆ సాయంత్రం బొగ్గులు ఆర్పేసి నడిచాడు. అతని ఫోటో ఏ ఫ్లెక్సీ మీదా లేదు.

మీ అమ్మాయి అడిగింది కొలతల సంగతి, లెక్క సంగతి. రెండూ న్యాయమైనవే. యాత్రికులను గుర్రాల మీద తిప్పి బతికే ఆ స్థానికుడు వాళ్ళను కాపాడబోయి తూటాలకు బలయ్యాడని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అతని ఫోటో దొరకలేదంటే నమ్మడం కష్టం. ఆ ముస్లిం పేరు కూడా అచ్చేస్తే మీ అన్నయ్య ఉపన్యాసం సగంలో మార్చుకోవాల్సి వచ్చేదేమో.

చావుల దగ్గర రాజకీయాలేంటన్న మీ పిన్నిగారిని ఒకటడగండి. మైకు పట్టుకున్నవాడిది దేశభక్తి, ప్రశ్న వేసిన పిల్లది రాజకీయమా? 2019 మార్చి 15న న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో ఒకడు 51 మందిని కాల్చి చంపాడు. అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ తలమీద ముసుగు వేసుకుని ఆ కుటుంబాల దగ్గరకు వెళ్ళింది. హంతకుడి పేరు తన నోట రాదంది. పోయినవాళ్ళ పేర్లు తలుచుకోమంది. నెల తిరక్కుండానే అలాంటి తుపాకులను నిషేధిస్తూ పార్లమెంటులో 119 మంది ఓటేశారు, కాదన్నది ఒక్కరే. అదీ రాజకీయమేనమ్మా. చావు దగ్గర రాజకీయం ఉండకూడదని కాదు, ఎవరికోసం ఉందో చూసుకోవాలి.

మన దగ్గర అప్పుడు జరిగిందేమిటి? పెళ్ళయి వారం తిరక్కుండా పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న ఒక అమ్మాయి, ముస్లింల మీదా కాశ్మీరీల మీదా పడొద్దు, మాకు శాంతి కావాలి, న్యాయం కావాలి అంది. వారం ముందు ఆమె ఫోటో చూసి కళ్ళు ఒత్తుకున్నవాళ్ళలోనే ఎందరో బూతులకు దిగారు. అది తగదని జాతీయ మహిళా కమిషన్ చెప్పాల్సి వచ్చింది. ఏడ్చినంతసేపూ ఇంటిబిడ్డ, నోరు తెరిస్తే పరాయిది.

మన వైపు పరామర్శకు వెళ్ళినవాళ్ళు లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనరు. ఒక్క మాటకు అంత ఆచితూచే ఇళ్ళ ముందు ఇవాళ పెద్దకర్మ ఫ్లెక్సీలు. పోయినాయన ఒక మూల, కూలింగ్ గ్లాసులు పెట్టుకున్న అనుచరులు నాలుగు వరసలు. మా నాన్న పోయినప్పుడు ఒకాయన వచ్చి, నాకన్నా ముందు ఫోటోగ్రాఫర్‌ను వెతుక్కున్నాడు. పాతికేళ్ళయినా ఆ చూపు నేను మర్చిపోలేదు.

మీవారు పోయేనాటికి మీ అమ్మాయికి పన్నెండేళ్ళు. ఆ రోజు ఊరంతా కట్టిన ఫ్లెక్సీల్లో వాళ్ళ నాన్న ఫోటో ఎంత ఉంది, మామయ్యది ఎంత ఉంది? మీకు గుర్తులేకపోవచ్చు, మీరు ఏ స్థితిలో ఉన్నారో నాకు తెలుసు. పన్నెండేళ్ళ పిల్ల మాత్రం చూస్తుంది. గ్రూపులో అది అడిగిన ప్రశ్న పహల్గాం దగ్గర మొదలైందని నేననుకోను.

ఇక మీరూ, మీ అన్నయ్యా. సమస్య ఉన్నది అక్కడ. మామా మేనకోడళ్ళు ఎప్పుడో ఒకప్పుడు నవ్వుకుంటారు. మీరు మాత్రం పన్నెండేళ్ళుగా ఆయన ముందు తలెత్తలేదు. భోజనాలు, ఫీజులు అన్నీ వరసగా రాసి, తుళ్ళూరు పొలాన్ని చివరన ఒక్క వాక్యంలో దాటేశారు. కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని 1986లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చిన రాష్ట్రం మనది. 2005లో దేశమంతటికీ వచ్చింది. పూలింగ్‌కు ఇచ్చిన పట్టా భూమికి ఎకరాకు వెయ్యి గజాల ఇళ్ళ స్థలం, ఆ పైన కొంత వాణిజ్య స్థలం, ఆలస్యంగానైనా ఏటా కౌలు. మీ వాటా కౌలు ఎవరి ఖాతాలో పడింది? ఆ ఫీజులు కట్టింది ఏ డబ్బుతో? మీ అన్నయ్య మోసం చేశాడని నేననడం లేదు, నాకు తెలియదు. మీకూ తెలియదు, తప్పు అక్కడుంది. ఏం సంతకం పెట్టారో ఆ కాగితం నకలు తెప్పించుకోండి. ప్లాట్లు ఎవరి పేరున ఉన్నాయో రాజధాని భూములు చూసే సీఆర్‌డీఏ ఆఫీసులో కనుక్కుని, ఒక మంచి లాయరుకు చూపించండి. పెళ్ళికి ముందే. పెళ్ళయ్యాక మీకు ధైర్యం చాలదు.

అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళి, అన్నావదినలకు బొట్టుపెట్టి పిలవండి. పిల్ల నమస్కారం పెడుతుంది, పెద్దవాళ్ళకు పెట్టాల్సిందే. గ్రూపు ఊసు మీరెత్తొద్దు. ఆయన ఎత్తితే, "అది అడిగిన దాంట్లో తప్పేముందన్నయ్యా" అని ఆ రోజు అనాల్సిన మాట ఇప్పుడనండి. ఆయన బుట్ట మోస్తే సంతోషం. మొయ్యకపోతే వరసకు మేనమామ అయ్యేవాడు ఇంకొకడు దొరక్కపోడు. ఎవరూ రాకపోతే పిల్ల నడిచి వస్తుంది, దానికి కాళ్ళున్నాయి.

శుభలేఖ మాత్రం మీ పేరునే వేయించండి. పక్కన మీవారి పేరు, ముందు కీర్తిశేషులు అని. భర్త లేని ఆడది పిలిచేదేమిటని ఎవరైనా గొణిగితే గొణగనివ్వండి. అరండల్‌పేటలో ప్రెస్‌వాడు ప్రూఫ్ ఇచ్చినప్పుడు మీరే వెళ్ళి చూసుకోండి, అక్షరాల సైజుతో సహా.