ఇల్లూ వాకిలీ: పెచ్చులూడే స్లాబు కింద ఫాల్స్ సీలింగా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కావలి పక్కన, తుమ్మలపెంట సముద్రం మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇల్లు కట్టి 14 ఏళ్ళు. హాల్లోనూ బాల్కనీ కిందా స్లాబు పెచ్చులు ఊడి పడతా ఉన్నాయి, ఆడాడ కమ్మి కూడా కనపడతా ఉంది. మేస్త్రి ఏమో పైపైన సిమెంటు పూసి కింద పీవోపీ సీలింగ్ కొట్టిస్తే కొత్తింటి మాదిరి ఉంటాది అంటున్నాడు. లైట్లు కూడా చూసుకున్నాం. ఏ డిజైన్ బాగుంటాదో చెప్పండి. – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, డిజైన్ సంగతి తర్వాత, ముందు ఆ మేస్త్రికి అడ్వాన్స్ ఇవ్వకుండా ఉంటే ఇవ్వబాకండి. ఆ పెచ్చులు ఊరికే ఊడటంలా, లోపల కమ్మి తుప్పు పట్టి ఉబ్బతా ఉంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండింతలు పైనే చోటు అడుగుద్ది, ఆ చోటు ఎక్కడినుంచి వస్తది, కింద ఉన్న కాంక్రీట్‌ని తోసేసే కదా. మంచి కాంక్రీట్‌లో కమ్మికి మామూలుగా తుప్పు రాదు, కానీ ఉప్పు లోపలికి దిగిందంటే ఆ రక్షణ పోద్ది. ఉప్పు రెండు దారుల్లో వస్తది, ఒకటి సముద్రం గాలి, రెండోది మనమే పోసుకునేది. అప్పట్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయని తెలిసీ వాటితోనే మాలు కలిపి వాటితోనే క్యూరింగ్ చేసుంటారేమో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. కమ్మి ఉన్న కాంక్రీట్ కలిపే నీళ్ళలో క్లోరైడ్, అంటే ఉప్పులో కమ్మిని తినే భాగం, లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీట్ పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెప్తా ఉంది, నీళ్ళు టెస్ట్ చేయించడానికి అయ్యే ఖర్చు ఒక సిమెంటు లోడు ముందు లెక్కలోకే రాదు, అయినా చేయించేవాళ్ళు ఎంతమంది?

ఇంకోటి కవర్. కమ్మి కింద ఎంత మందం కాంక్రీట్ ఉందీ అని. సముద్రం గాలికి నేరుగా ఎదురుగా ఉండే భాగాలకి 45 మిల్లీమీటర్లు, ఎం 30 అనే గట్టి రకం కాంక్రీట్ కావాలి, మనోళ్ళు చేసేదేందంటే కమ్మి కింద నాలుగు కంకర రాళ్ళు దోపి పోసేయడమే, ఒకచోట అంగుళం ఉంటాది ఇంకోచోట గోరు మందం కూడా ఉండదు. మీ బాల్కనీ ముందు పాడవడానికి కారణం ఇదే అయ్యుంటాది, నేరుగా గాలి తగిలేది దానికే కదా.

ఇప్పుడు దీని మీద సీలింగ్ కొడితే ఏమవుద్దంటే, దాన్ని వేలాడదీయడానికి ఆ పాడైన స్లాబుకే డ్రిల్లు వేస్తారు, పైన తుప్పు దాని పని అది చేసుకుంటా పోద్ది, మీకు కనపడదు, ఏదో ఒకరోజు పెచ్చు పీవోపీ మీద పడి రెండూ కలిసి సోఫా మీదకి వస్తాయి. భయపెట్టడానికి చెప్పట్లా. మా పెద్దమ్మ వాళ్ళింట్లో పెచ్చులు కనపడకుండా ఇట్టాగే సీలింగ్ కొట్టించమని చెప్పింది నేనే, మూడేళ్ళకి పీకించిందీ నేనే.

చేయాల్సింది: చిన్న సుత్తితో స్లాబంతా తట్టుకుంటా పోండి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా చాక్‌పీస్‌తో గీయండి. గీతలు స్లాబులో నాలుగో వంతు దాటినా, దూలంలో గానీ పిల్లర్లో గానీ పగులు కనపడినా మేస్త్రి కాదు, స్ట్రక్చరల్ ఇంజినీర్ రావాలి, అది నా పని కూడా కాదు. కొద్దిగానే ఉంటే కింద జాకీలు పెట్టి డొల్లంతా కమ్మి వెనకవైపు దాకా చెక్కి, వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, బాగా సన్నబడిన కమ్మికి పక్కన కొత్తది కట్టించి, తుప్పు ఆపే కోటింగ్ వేసి, సిమెంటు మాలులో గట్టిగా అతుక్కునే రసాయనం కలిపిన పాలిమర్ మోర్టార్‌తో నింపుతారు. వట్టి సిమెంటు పూత వద్దు. ఇంత చేసినా పక్కన ఉప్పు పట్టిన చోట మళ్ళీ మొదలవ్వచ్చు, అందుకే ఏటా ఒకసారి తట్టి చూసుకోవాలి, సీలింగ్ ఉంటే ఎట్టా తడతారు?

ఇక లైట్లు. పైకప్పు ఖాళీగా తెల్లగా వదిలేసి గోడలకి ఏడడుగుల ఎత్తులో లైట్లు పెట్టించండి, వెలుగు పైకి కొట్టేవి. స్లాబు మీద పడి మెత్తగా కిందకి దిగుద్ది. పీవోపీ డబ్బులతో రిపేరు ఖర్చు కొంత వస్తది.

ప్రశ్న: సార్, మాది ఒంగోలు, పడమర ఇల్లు. చీమకుర్తి పక్కనే కదా, గెలాక్సీ గ్రానైట్ చవగ్గా పడతా ఉంది. వాకిలి, పోర్టికో, మెట్లు, హాలు అంతా అదే వేద్దామని. – ఒక పాఠకుడు

జవాబు: వాకిలికి వేసి మే నెల సాయంత్రం నాలుగింటికి చెప్పుల్లేకుండా నిలబడి చూడండి బాబూ, ఆ తర్వాత నాకు ఉత్తరం రాయరు. నల్లరాయి, పైగా పడమటి ఎండ. మెట్ల మీద పాలిష్ రాయి వేస్తే వానకి జారుద్ది, అక్కడ ఫ్లేమ్డ్ ఫినిష్, అంటే మంటతో కాల్చి గరుకు చేసిన రాయి అడగండి లేదా నాపరాయి వేసుకోండి. హాల్లో ప్రతి పాదం గుర్తూ కనపడుద్ది, తుడిచేవాళ్ళు మిమ్మల్నే తిట్టుకుంటారు. ఆ బంగారు చుక్కలు ఒక ఖనిజం మెరుపు, అవి దగ్గర నుంచి చూస్తేనే అందం, కాబట్టి వంటగది గట్టుకి, పూజ గది అరుగుకి పెట్టండి. పాలరాయి మాదిరి నిమ్మరసానికి మచ్చ పడదు. కొనేటప్పుడు దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది రాయి మీద రుద్దండి, దూది నల్లబడితే అది రంగేసిన రాయి, వెనక్కి తిరిగి రండి.

ప్రశ్న: మూలాపేటలో మా తాతల నాటి మద్రాసు మిద్దె వాన కాలం కారతా ఉంది. పైన మూడంగుళాల కాంక్రీట్ పోసేస్తే ఏం? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పదడుగుల గదికి పదడుగులు, మూడంగుళాల మందం అంటే దాదాపు 1,700 కిలోలు. అది మోసేది మీ తాతలు వేసిన టేకు దూలాలు. వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నం ఇటుక జల్లి వేసి, కరక్కాయ బెల్లం నీళ్ళతో కొట్టి కొట్టి గట్టిపరిచిన మిద్దె అది, లోపలి తడి బయటికి పోతా ఉంటాది. కాంక్రీట్ పోస్తే తడి లోపలే ఉండిపోయి చెక్క కుళ్ళుద్ది. ముందు దూలాల చివర్లు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, దిగబడితే ఆ దూలం మార్చాలి. తర్వాత పిట్టగోడ మూలల్లో, నీళ్ళు పోయే గొట్టం దగ్గర చూడండి, సగం కారుడు అక్కడే ఉంటాది. మన జిల్లాకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి పై సున్నం పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి. గానుగ సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి ఎవరైనా దొరికితే ఆయన చెప్పిన రోజుకే ఒప్పుకోండి, బేరం ఆడబాకండి.